బండి నీళ్లు తాగలేదు... దానికి ఊపిరాడలేదు!

వాగు మధ్యలో ఇంజన్ ఆగిపోయాక గానీ నీళ్ల చప్పుడు ఎంత గట్టిగా ఉంటుందో తెలియదు. అప్పటిదాకా సైలెన్సర్ మోత కింద అణిగిపోయిన వాగు ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చేస్తుంది. కాళ్ల కింద గులకరాళ్లు కదులుతుంటాయి. ఒక్క క్షణం ముందు దాకా మాట విన్న బండి నూట యాభై కిలోల ఇనుము అయిపోతుంది.

పోయిన ఏడాది ఆగస్టులో మారేడుమిల్లి దగ్గర నాకు సరిగ్గా ఇదే జరిగింది. నేనూ మా బావా రెండు బండ్ల మీద హైదరాబాద్ నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా ఘాట్ ఎక్కాం. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 200 సీసీ డర్ట్ బైక్, పాత కార్బురేటర్ మోడల్. బావది కొత్తది, ఎఫ్‌ఐ బండి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకైతే అప్పుడు తట్టలేదు.

తార్రోడ్డు వదిలి కొండరెడ్ల గూడేల వైపు వెళ్లే ఒక మట్టి బాట పట్టాం. మొదటి రెండు వాగులు సరదాగా దాటేశాం. వీడియోలు కూడా తీసుకున్నాం. మూడో వాగు మోకాలి లోతు. ఫస్ట్ గేర్‌లో దిగాను. సగం దాకా బాగానే వచ్చింది. తర్వాత పెట్రోల్ అయిపోయిన బండిలా రెండు సార్లు దగ్గి, ఆగిపోయింది. కిక్ కొడితే లేవదు. ఇద్దరం తోసుకుంటూ ఒడ్డుకి చేర్చాం. రెండు నిమిషాలాగి నాలుగు కిక్కులు కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది!

ఒడ్డున మేకలు కాస్తున్న ఒక పెద్దాయన చూసి నవ్వాడు. "బండి నీళ్లు తాగింది బాబూ" అన్నాడు.

అసలు కష్టం తిరుగు ప్రయాణంలో వచ్చింది. మాకు ఒక్క చుక్క వాన పడలేదు గానీ పైన కొండల్లో ఎక్కడో పడినట్టుంది. సాయంత్రానికి నీళ్లు ఎర్రబడ్డాయి, ఇంకో జానెడు పెరిగాయి. 'ఇందాక దాటాం కదా' అనే ధైర్యంతో దిగాను. సరిగ్గా అదే చోట, అదే దగ్గు, అదే ఆగడం. బావ సాయానికి వచ్చి బండికి దిగువ వైపున నిలబడి తోయడం మొదలుపెట్టాడు. ప్రవాహం బండిని తన మీదికి నెట్టింది. ఫుట్‌రెస్ట్‌కీ బండరాయికీ మధ్య కాలు ఇరుక్కుంది. ఒడ్డు మీంచి పెద్దాయన "ఎగువకి రండి బాబూ, ఎగువకి!" అని అరుస్తూనే నీళ్లలోకి దిగి వెనక క్యారియర్ పట్టుకుని ఎత్తాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

బావకి మడమ వాచి మూడు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్. ఫోన్ వాగులో కలిసింది. అక్క నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒకటే అడిగింది: "అసలు బండి ఎందుకు ఆగింది?"

నా దగ్గర సమాధానం లేదు.

"నా దగ్గర బాగానే నడుస్తుంది కదా!"

మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్తే "నీళ్లు తాగింది తమ్మీ, గంతే" అన్నాడు. స్పార్క్ ప్లగ్ మార్చాడు, ప్లగ్ క్యాప్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. నాలుగూ ఒకే పూటలో. బిల్లు రెండు వేలకి కాస్త తక్కువ. "ఇప్పుడు చూడు, ఫస్ట్ క్లాస్ ఉంది" అని షెడ్డు ముందు రెండు రౌండ్లు వేసి చూపించాడు. బండి షెడ్డు ముందు ఎప్పుడు ఆగింది గనక? ఆగేది వాగులో!

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు లెండి. ఆఫీసులో టెస్టింగ్ టీమ్ ఏదైనా బగ్ చూపిస్తే 'నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది' అనే మొదటి మనిషిని నేనే. కానీ ఆ ఉద్యోగమే నేర్పిన విషయం ఇంకోటి ఉంది. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే జబ్బు తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే ఏది కారణం కాదో కూడా తెలియదు. ముందు ఆ తప్పుని మన ఎదుట, మనం కోరుకున్నప్పుడు జరిగేలా చెయ్యాలి. తర్వాత ఒక్కటే మార్చి చూడాలి.

ఆ ఆదివారం కాగితం పెన్ను పట్టుకుని, మిగిలిన వీడియోలన్నీ మళ్లీ చూశాను. తేలిన సంగతులు ఇవి. వానలో రెండు వందల కిలోమీటర్లు తడుస్తూ నడిపినా బండి ఆగలేదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపుతో కొట్టినా ఆగలేదు. మొదటి రెండు వాగుల్లో నీళ్లు ముందు చక్రం ఇరుసు కంటే కిందే ఉన్నాయి, అక్కడా ఆగలేదు. మూడో వాగులో ఇరుసు మునిగింది, ఆగింది. అది కూడా దిగిన వెంటనే కాదు, వీడియోలో లెక్కపెడితే పది సెకన్ల తర్వాత. పైగా ఠక్కున ఆగలేదు, ఆకలితో నీరసపడ్డట్టు ఆగింది. ఒడ్డుకొచ్చిన కాసేపటికే లేచింది. పక్కనే అదే నీళ్లలో బావ బండికి ఏమీ కాలేదు.

ఇంత వివరం రాసుకున్నాక 'నీళ్లు తాగింది' అనే మాట మీద నాకు అనుమానం మొదలైంది.

నిజంగా నీళ్లు తాగితే ఎలా ఉంటుంది?

ఇంజన్ నీళ్లు తాగేది గాలి పీల్చే దారిలోంచే. డర్ట్ బైకుల్లో ఆ దారి సాధారణంగా సీటు కింద, బాగా ఎత్తులో ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసి ముద్దవుతుంది. ఆ తర్వాత నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే అది చిన్న విషయం కాదు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పైకి లేస్తున్న పిస్టన్ ఆ నీళ్లకి గుద్దుకుని ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. దీన్నే హైడ్రోలాక్ అంటారు. అలా ఆగిన బండి 'ఠక్' మని ఆగుతుంది, కిక్ కిందికి దిగదు.

అందుకే ఒక ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పేస్తా. నీళ్లలో పడిపోయిన బండినీ, ఠక్కున ఆగిన బండినీ అక్కడికక్కడ సెల్ఫ్ కొట్టకండి. తాళం ఆపేసి ఒడ్డుకి లాగండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. లోపల తడి ఉంటే స్పార్క్ ప్లగ్ విప్పేసి, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి, మెల్లగా కిక్ కొట్టండి. నీళ్లుంటే ప్లగ్ చిల్లులోంచి చిమ్ముకుంటూ బయటికి వస్తాయి (మొహం అక్కడ పెట్టి చూడకండి). కిక్ లేని బండి అయితే హై గేర్‌లో వేసి వెనక చక్రం చేత్తో తిప్పాలి. తర్వాత ఇంజన్ ఆయిల్ చూడండి. పాల టీ రంగులోకి మారిందంటే అందులో నీళ్లు కలిసినట్టే. ఆయిల్ మార్చకుండా ఆ బండిని నడపొద్దు, ఆటో ట్రాలీ పిలవండి.

నా బండిలో ఇవేవీ లేవు. ఆ రోజు ఒడ్డున ఫిల్టర్ డబ్బా తెరిచి చూశాం, పొడిగా ఉంది. ఆయిల్ తేటగా ఉంది. అంటే ఇంజన్‌లోకి ఒక్క చుక్క నీరు పోలేదు.

ఇంకో నమ్మకం సైలెన్సర్ గురించి. 'సైలెన్సర్ మునిగితే బండి ఆగిపోతుంది' అని అందరూ అంటారు. ఇంజన్ నడుస్తున్నంత సేపూ పొగ ఒత్తిడితో బయటికి తోస్తూనే ఉంటుంది, మోకాలి లోతులో నీళ్లు దానికి ఎదురెక్కలేవు. మధ్యలో రేజ్ వదిలేస్తేనో, ఇంజన్ ఆగిపోతేనో అప్పుడు లోపలికి వస్తాయి. పైగా నా బండి సైలెన్సర్ పైకెత్తి ఉంటుంది, మునగనే లేదు.

మిగిలింది కరెంటు. ప్లగ్ క్యాప్, కాయిల్, సైడ్ స్టాండ్ స్విచ్. ఇవి తడిసినా బండి ఆగుతుంది, ఇది చాలా మామూలు జబ్బు కూడా. దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. రాత్రి చీకట్లో ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ క్యాప్ మీదా, వైరు మీదా బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టాలి. ఎక్కడైనా లీకు ఉంటే సన్నగా నీలం రంగు మెరుపులు కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి, గట్టిగా షాక్ కొడుతుంది. అలాగే ప్లగ్ కూర్చునే గుంటలోంచి నీళ్లు బయటికి పోవడానికి చాలా ఇంజన్లకి చిన్న రంధ్రం ఉంటుంది, అది బురదతో పూడుకుపోతే సన్నటి తీగతో తీసుకోవాలి. నాది శుభ్రంగానే ఉంది. మెరుపులు లేవు. సైడ్ స్టాండ్ స్విచ్‌ని మగ్గు నీళ్లతో తడిపాను, ఆగలేదు.

అప్పుడు కింద కూర్చుని బండి పొట్ట వైపు చూశాను. ఇంజన్ వెనక నుంచి నాలుగైదు సన్నటి రబ్బరు పైపులు వేళ్లాడుతున్నాయి. రోజూ చూసేవే, ఎందుకున్నాయో ఏనాడూ అడగలేదు. నేల నుంచి టేపు పెట్టి కొలిస్తే వాటి చివర్లు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. వీడియోలో మూడో వాగు లోతు అంతకంటే ఎక్కువ. మొదటి రెండూ తక్కువ.

నూనె డబ్బాకి రెండు చిల్లులు ఎందుకు?

మా అమ్మమ్మ 15 కిలోల నూనె డబ్బాకి ఎప్పుడూ రెండు చిల్లులు పెట్టేది. ఒక మూల పెద్దది, ఎదురు మూల చిన్నది. ఒక్కటే పెడితే నూనె గళగళమంటూ ఆగి ఆగి వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. లోపలికి గాలి పోతేనే బయటికి నూనె వస్తుంది. కార్బురేటర్ కూడా అంతే.

కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. దాన్ని ఫ్లోట్ బౌల్ అంటారు. ట్యాంకులోంచి వచ్చిన పెట్రోల్ ముందు అందులో చేరుతుంది. ఇంజన్ గాలి లాగినప్పుడు కార్బురేటర్ గొంతులో ఒత్తిడి తగ్గుతుంది. బౌల్‌లో ఉన్న పెట్రోల్ మీద మాత్రం బయటి గాలి ఒత్తిడి మామూలుగా ఉంటుంది. ఈ తేడా వల్లే పెట్రోల్ సన్నటి జెట్ గుండా పైకి ఎగసి గాలిలో కలుస్తుంది. పెట్రోల్‌ని ఏ పంపూ తోయడం లేదు, పనంతా గాలిదే. బౌల్‌కి ఆ గాలి అందించేవే వేళ్లాడుతున్న వెంట్ పైపులు. అంటే అమ్మమ్మ నూనె డబ్బాకి రెండో చిల్లు.

ఆ పైపుల చివర్లు నీళ్లలో మునిగితే? రెండో చిల్లు మూసుకుపోయినట్టే. ఇంజన్ లాగుతున్న కొద్దీ బౌల్‌లో ఒత్తిడి పడిపోతుంది, తేడా చచ్చిపోతుంది, పెట్రోల్ పైకి రాదు. పది సెకన్లు లాగి, దగ్గి, ఆగిపోతుంది. ఒడ్డుకి రాగానే పైపుల్లోంచి నీళ్లు జారిపోతాయి, గాలి అందుతుంది, బండి లేస్తుంది. వానలో, వాటర్ సర్వీసింగ్‌లో పైపుల చివర్లు మునగవు కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు. నా కాగితం మీద రాసుకున్న ప్రతి లైనూ దీనికి సరిపోయింది.

సరిపోయినంత మాత్రాన చాలదు, చేసి చూడాలి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పైభాగం కోసేసి నీళ్లు నింపాను. బండిని సెల్లార్‌లోంచి బయటికి తెచ్చి (మూసి ఉన్న చోట ఇంజన్ నడపడం ప్రాణాంతకం, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది) స్టాండ్ వేసి, కొంచెం రేజ్ ఇస్తూ వెంట్ పైపుల చివర్లు బాటిల్‌లో ముంచాను. మా వాచ్‌మన్ వచ్చి వింతగా చూశాడు. "ఏంది సార్, బండికి గ్లూకోజ్ ఎక్కిస్తుండ్రా?"

పదకొండో సెకనుకి బండి దగ్గింది, ఆగింది. అచ్చం వాగులో ఆగినట్టే! మళ్లీ స్టార్ట్ చేసి ముంచాను, తొమ్మిది సెకన్లు. మూడోసారి పన్నెండు. నాలుగోసారి దగ్గడం మొదలవగానే పైపులు బయటికి తీశాను. బండి ఊపిరి పీల్చుకుని మామూలుగా నడిచింది. ఆ పార్కింగ్‌లో ఒంటరిగా నిలబడి నేను చప్పట్లు కొట్టుకున్నాను. వాచ్‌మన్ ఏమనుకున్నాడో ఏమో.

వైద్యం: వంద రూపాయల టీ ముక్క

ఇది కొత్త కనుగోలు కాదు. కవాసాకీ కేఎల్ఆర్ 650 లాంటి పాత కార్బురేటర్ బండ్లతో ప్రపంచమంతా తిరిగే రైడర్లు ఎన్నో ఏళ్లుగా చేసుకుంటున్న మార్పే ఇది. వెంట్ పైపుని మధ్యలో కోసి టీ ఆకారపు ముక్క పెడతారు. ఒక కాలు ఎప్పటిలా కిందికే వేళ్లాడుతుంది. రెండో కాలికి కొత్త పైపు తగిలించి పైకి, ట్యాంకు కిందికి తీసుకెళ్తారు. కింది చివర మునిగినా పై చివర గాలి పీలుస్తుంది. నీళ్లు కింది పైపులో బయటి మట్టం దాకా ఎక్కి అక్కడే ఆగిపోతాయి. కాబట్టి టీ ముక్క మీరు దాటబోయే నీటి మట్టం కంటే పైన ఉండాలి. ఉన్న కిటుకంతా అదే.

'మరి పైపు మొత్తాన్ని పైకి మళ్లిస్తే పోలా, టీ ఎందుకు' అని నాకూ అనిపించింది. బౌల్‌లో ఎప్పుడైనా పెట్రోల్ పొంగితే అది కిందికి, నేల మీదికి పోవాలి. కాలుతున్న ఇంజన్ పైభాగాన కారకూడదు. అందుకే కింది కాలు ఉంచాలి. ఇదే కారణంతో బౌల్ అడుగు నుంచి వచ్చే ఓవర్‌ఫ్లో పైపుని అసలు ముట్టుకోకూడదు. ఏది వెంటో ఏది ఓవర్‌ఫ్లోనో తెలియకపోతే ప్రతి పైపునీ వేలితో పట్టుకుని మొదలు ఎక్కడుందో చూడండి. కార్బురేటర్ ఒంటికి పక్కల నుంచి వచ్చేవి వెంట్లు, బౌల్ అడుగు నుంచి వచ్చేది ఓవర్‌ఫ్లో. ఇంజన్ నుంచి వచ్చే బ్రీదర్, బ్యాటరీ పైపు వేరే ఉంటాయి. అనుమానం ఉంటే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ బొమ్మ చూసుకుని మొదలుపెట్టండి.

రాణిగంజ్ వెళ్లి ఇత్తడి టీ ముక్కలు రెండు, ఒక మీటరు పెట్రోల్ పైపు కొన్నాను. దీనికంటే ముందు బుద్ధితక్కువగా అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన గొట్టం వాడాను. పెట్రోల్ ఆవిరికి వారంలో పసుపురంగుకి తిరిగి కట్టెలా బిగుసుకుపోయింది. పెట్రోల్ కోసం చేసిన పైపే వాడండి, పది ఇరవై దగ్గర కక్కుర్తి వద్దు. పై చివరని గాలి నేరుగా కొట్టని చోట, ట్యాంకు కింద ఫ్రేమ్‌కి క్లిప్ టైతో కట్టాను. గాలి నేరుగా కొడితే స్పీడులో వెళ్లేటప్పుడు ఒత్తిడి మారి మిక్స్‌చర్ తేడా చేస్తుంది.

అరగంట పని. ట్యాంకు బిగించి, గర్వంగా బాటిల్ తెచ్చి పైపులు ముంచాను. పది సెకన్లు. దగ్గింది. ఆగింది!

నిజం చెప్తున్నా, ఆ క్షణం ఏడుపొచ్చింది. నేను చెప్పుకున్న నూనె డబ్బా సిద్ధాంతమంతా అబద్ధమా? కాసేపు టీ తాగి (ఇది తాగే టీ) వచ్చి, పై పైపులోకి నోటితో ఊది చూశాను. గాలి పోవడం లేదు. ట్యాంకు విప్పి చూస్తే విషయం తెలిసింది. ట్యాంకు బిగించినప్పుడు కొత్త పైపు దాని కింద నలిగి మడతపడింది. రోడ్డు మీద కింది కాలు గాలి అందిస్తుంది కాబట్టి తేడా తెలియదు. వాగులో దిగాకే తెలిసేది, అదీ బావ కాలు మీద! పైపుని అంగుళం పక్కకి జరిపి, మడత రాకుండా వంపు తిప్పి, మళ్లీ ట్యాంకు బిగించి ముంచాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు. బండి నడుస్తూనే ఉంది. అందుకే ఈ పని ఎవరు చేసినా, మెకానిక్ చేసినా సరే, ట్యాంకు బిగించాక పరీక్ష పెట్టండి, విప్పి ఉండగా కాదు.

ఎఫ్‌ఐ బండి ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఎఫ్‌ఐలే. వాటిలో ఫ్లోట్ బౌల్ లేదు, పెట్రోల్‌ని పంపు ఒత్తిడితో కొడుతుంది. కాబట్టి ఈ వెంట్ జబ్బు వాటికి రాదు. బావ బండి అదే వాగుని నవ్వుతూ దాటడానికి కారణం ఇదే. ఎఫ్‌ఐ బండి నీళ్లలో ఆగితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ప్లగ్ క్యాప్, సెన్సర్ల కనెక్టర్లు, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి. బండి పడిపోతే ఇంజన్‌ని ఆపేసే సెన్సర్ కూడా చాలా వాటికి ఉంటుంది. బండి నిలబెట్టి, తాళం ఒకసారి ఆపి తిప్పితే సరిపోవచ్చు. కానీ ముందు ఫిల్టర్ డబ్బా తెరిచి చూశాకే.

కార్బురేటర్ బండి నీళ్లలో ఆగి ఒడ్డుకొచ్చాక సరిగ్గా లేవకపోతే, వెంట్ గుండా కొన్ని నీళ్లు బౌల్‌లోకి ఎక్కి ఉండొచ్చు. బౌల్ అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి పారదర్శకమైన బాటిల్‌లోకి పట్టండి. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి గోళీల్లా అడుగున కనిపిస్తాయి. ఆ బాటిల్‌ని మాత్రం వాగులో పారబోయకండి. మనకి అది వీడియో లొకేషన్, దిగువ గూడెంలో వాళ్లకి అది తాగునీరు.

డిసెంబర్‌లో మళ్లీ అదే బాట. ఈసారి అక్క కూడా వచ్చింది, బావ వెనక కూర్చుని. వాగు సగానికి సగం తగ్గింది, తేటగా ఉంది. నాకు కావాల్సింది మునిగే లోతు కాబట్టి కాస్త దిగువన మోకాలి లోతు ఉన్న చోటు వెతికాను. ముందు బూట్లతో నడిచి అటు ఒడ్డు దాకా వెళ్లొచ్చాను, రాళ్లెక్కడున్నాయో చూసుకున్నాను. ఫస్ట్ గేర్, ఒకే రేజ్, చూపు అటు ఒడ్డు మీద. మధ్యలోకి వచ్చాక కావాలనే ఆగి, న్యూట్రల్‌లో నిమిషం నిలబడ్డాను. చుట్టూ నీళ్లు, కింద పైపులు మునిగే ఉన్నాయి, ఇంజన్ మాత్రం గుడుగుడుమంటూనే ఉంది. నేను విన్న వాటిలో అంత మంచి చప్పుడు ఇంకోటి లేదు.

పెద్దాయన గూడెం దగ్గర కనిపించాడు. బావ కాలు వైపు చూసి "తగ్గిందా బాబూ?" అని అడిగాడు. నేను ఉత్సాహంగా ట్యాంకు కింద పైపు చూపించి, "తాతా, బండి నీళ్లు తాగలేదు, ఊపిరాడక ఆగింది. ఇప్పుడు ముక్కు పైకి పెట్టాను" అని చెప్పాను. ఆయన వంగి చూసి తలాడించాడు. తర్వాత వాగు పక్కన ఒక మద్దిచెట్టు మొదలు చూపించాడు. మట్టి గీత ఒకటి ఉంది, దాదాపు నా భుజం ఎత్తులో. మొన్న వానాకాలం నీళ్లు అక్కడిదాకా వచ్చాయట. టీ ముక్క ఎంత పైన పెట్టినా ఆ గీతని అందుకోదు. అమెరికా వాతావరణ శాఖ జనానికి చెప్పే లెక్క ఒకటుంది: వేగంగా పారే వరద నీరు ఆరు అంగుళాలుంటే మనిషిని పడేస్తుంది, పన్నెండు అంగుళాలుంటే కారునే కదిలిస్తుంది. ఆగస్టులో మేం దిగింది పన్నెండు అంగుళాల పైమాటే. ఆ రోజు ఇంజన్ ఆగకపోయినా, ఎర్ర నీళ్లు చూశాక నేను దిగకుండా ఉండాల్సింది.

బావ తన బండికి కూడా టీ పెట్టమని అడిగాడు, ఎఫ్‌ఐకి అక్కర్లేదని చెప్పడానికి నాకు గంట పట్టింది. అక్క మాత్రం విషయం మొత్తం అర్థం చేసుకుంది. ఇప్పుడు మేం ఎక్కడికైనా బయల్దేరే ముందు కోసిన కూల్‌డ్రింక్ బాటిల్‌లో నీళ్లు నింపి తనే తెస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి రెండు నిమిషాలు నిలబడుతుంది. బండి దగ్గిందా, ట్రిప్పు క్యాన్సిల్.